గుట్టలు, అడవి తిరిగేవాళ్లకు 2,500 లోపు నమ్మకమైన కత్తి ఏది?

దేవరకొండ_పోరడు
సెలవు దొరికితే నేనూ మా దోస్తులూ రాచకొండ గుట్టలు, దేవరకొండ ఖిల్లా, కోయిల్‌కొండ ఇట్లా తిరుగుతుంటాం. అప్పుడప్పుడు సోమశిల వైపు పోయి కృష్ణ ఒడ్డున టెంట్ వేస్తాం. పోయినసారి మా చిన్నాయన కొడుకు ఆన్‌లైన్‌లో కొన్న సర్వైవల్ నైఫ్ తెచ్చాడు. చూడ్డానికి భలే ఉంది, వెన్ను మీద రంపం పళ్లు, పిడి చివర దిక్సూచి, పిడి లోపల డొల్ల, ఆ డొల్లలో అగ్గిపుల్లలు, గాలం. సర్కారు తుమ్మ కట్టె చీలుద్దామని కత్తి ఆనించి పైనుంచి ఇంకో కట్టెతో రెండు దెబ్బలు వేశాడో లేదో, పిడి దగ్గర పుటుక్కున విరిగి బ్లేడు ఎగిరి పక్క రాయికి తగిలింది. అక్కడ మనిషి కూర్చుని ఉంటే ఏమయ్యేది? అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే వాడకంలో తప్పు అన్నారు, పైసలు రాలేదు. ఇప్పుడు నేనొకటి కొనాలి. తాడు కోయాలి, చిన్న కట్టెలు చీల్చాలి, టెంట్ మేకులు చెక్కాలి, ఉల్లిగడ్డ, టమాట కూడా కోయాలి. 2,500 దాకా పెట్టగలను. ఏది తీసుకోమంటారు?

ఉక్కు_పిచ్చి
పిడి డొల్లగా ఉన్న కత్తి ఏదైనా అంతే తమ్మీ. బ్లేడు వెనక తోక ఒకటి ఉంటుంది కదా, పిడిలోకి పోయేది, ఆ కత్తుల్లో అది బొటనవేలంత కూడా ఉండదు, ఒక బోల్టు మీద నిలబడుతుంది. కొట్టిన ప్రతి దెబ్బ బలమూ ఆ ఒక్క చోటే పడుతుంది. ఉక్కు తోక పిడి చివరిదాకా ఉండి, రెండు పక్కలా పిడి చెక్కలు రివెట్ చేసి ఉండాలి. ఫుల్ టాంగ్ అంటే అదే. రంపం పళ్లు కూడా వద్దు, వాటితో కట్టె తెగదు, పైగా వెన్ను మీద కొట్టేటప్పుడు కొట్టే కట్టెను నమిలేస్తాయి.
నీ బడ్జెట్‌కు నా మాట స్వీడన్ వాళ్ల మోరా కంపానియన్. 1891 నుంచి కత్తులు చేస్తున్న కంపెనీ అది. బ్లేడు నాలుగు అంగుళాలు, చేతికి పట్టు దొరికే రబ్బరు పిడి, ప్లాస్టిక్ ఒర. చూడ్డానికి సాదాగా ఉంటుంది, పని మాత్రం గట్టిది.

పాలమూరు_బాటసారి
@ఉక్కు_పిచ్చి ఒక్క నిమిషం. ఫుల్ టాంగ్ ఉండాలి అని చెప్పి మళ్లీ కంపానియన్ చెప్తున్నారేంది? అది ఫుల్ టాంగ్ కాదు.

ఉక్కు_పిచ్చి
నిజమే, కాదు. తోక పిడిలో ముప్పావు వంతు దాకా పోతుంది, దాని చుట్టూ పిడి పోత పోసి ఉంటుంది. డొల్ల పిడి బోల్టుతో దాన్ని పోల్చలేం. మణికట్టు లావు కట్టె వరకు చీల్చడానికి ఇది సరిపోతుంది, అంతకు మించితే కత్తి పని కాదు, గొడ్డలి పని. అదే కంపెనీలో గార్బెర్గ్ అని ఫుల్ టాంగ్ ఉంది, 3.2 మిల్లీమీటర్ల మందం, కానీ ధర తమ్ముడు చెప్పిన బడ్జెట్ దాటిపోతుంది. కంపానియన్‌లోనే హెవీ డ్యూటీ అని ఇంకోటి ఉంది, మామూలుది 2.5 మిల్లీమీటర్లయితే అది 3.2. కట్టె పని ఎక్కువంటే అది చూడొచ్చు.

గీతకత్తి
మా నాయన తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. మోకు, ముస్తాదు, నడుముకు గీత కత్తి. ఆ కత్తి పదును చూస్తే ఈ కంపెనీ కత్తులు దాని ముందు నిలబడవు. గెల కొసను పల్చగా, కాగితమంత పొర తీయాలి, మందంగా తీస్తే గెల పాడైపోతుంది, పొర సరిగ్గా లేకుంటే కల్లు కారదు. నూరడానికి పెద్ద మిషన్ ఏమీ లేదు, ఒక చెక్క మీద మెత్తటి ఇసుక పొడి చల్లి రోజూ ఎక్కే ముందు నూరేవాడు. పదును పట్టే ఓపిక లేకుంటే ఎంత ఖరీదైన కత్తి కొన్నా రెండు నెలల్లో మొద్దుబారుతుంది. మన ఊరి కమ్మరితో చేయించుకుంటే చాలదా?

పాలమూరు_బాటసారి
గీత కత్తితో కట్టె చీలిస్తే అంచు ముక్కలై రాలిపోతుంది అన్నా. ఏ పని కత్తి ఆ పనికే. అది పల్చటి పొర తీసేది.

గీతకత్తి
కట్టె కొట్టడానికి అని నేను అనలేదు తమ్మీ, పదును గురించి అన్న. కట్టెకు వేరే కత్తి ఉంటుంది మా ఇంట్లో.

కొలిమి_బిడ్డ
మాది మునుగోడు దగ్గర, తాత ముత్తాతల నుంచి కమ్మరి పనే. మన దగ్గర కత్తి చేయించుకోవాలంటే కమ్మరిని అడగాల్సింది ఒకటే: ఏ ఉక్కు, నీళ్లు ఎట్లా పెడతావు (అంటే కాల్చి ముంచి గట్టిపరచడం).
పాత లారీ కమాన్ పట్టీ మంచి ఉక్కు. కార్బన్ ఇంచుమించు అర శాతం పైన ఉంటుంది, వంగినా విరగని గుణం. కానీ ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు, అందుకే పగుళ్లు ఎక్కువ ఉండే కొసల దగ్గర, బోల్టు రంధ్రం దగ్గర ఉన్న ముక్క వాడకూడదు, నడిమి భాగం తీసుకోవాలి. ఇనుప చువ్వ, పాత బోరు పైపు ముక్కతో చేస్తామంటే వద్దని చెప్పు, అది మెత్తటి ఇనుము, పదును నిలవదు.
ఇక నీళ్లు పెట్టడం. కొలిమిలో బ్లేడు ఎర్రబడుతూ ఒక వేడి దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ గుర్తు దాటి ఇంకొంచెం వేడెక్కాక ముంచాలి. కమాన్ ఉక్కును నేరుగా చల్లటి నీళ్లలో ముంచితే చాలాసార్లు టప్పుమని పగులుతుంది, అందుకే గోరువెచ్చటి నూనెలో ముంచాలి. ఆ తర్వాత అది గట్టిగా ఉంటుంది కానీ గాజు లెక్క, కింద పడ్డా విరుగుతుంది. దాన్ని మళ్లీ సన్నటి వేడి మీద, దాదాపు 200 డిగ్రీల దగ్గర, గంటో గంటన్నరో ఉంచి కాస్త మెత్తబరచాలి. మా నాయన ఓవెన్ లేకుండా రంగు చూసి చేసేవాడు. బ్లేడును సాన మీద మెరిసేలా తుడిచి వెన్ను వైపు వేడి తగిలిస్తే అంచు వైపు రంగు పాకుతూ వస్తుంది, మొదట లేత పసుపు, తర్వాత ముదురు గోధుమ రంగు, తర్వాత వంకాయ రంగు, చివరికి నీలం. అంచు ముదురు పసుపుకు రాగానే నీళ్లలో ముంచి ఆపేయాలి. అంచు నీలం అయ్యిందంటే మెత్తబడిపోయింది, కత్తి మళ్లీ మొదట్నుంచి చేయాలి.
రెండో వేడి ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువ. బజార్లో దొరికే కత్తులు చటుక్కున విరగడానికి చాలాసార్లు కారణం ఇదే.

దేవరకొండ_పోరడు
అన్నా ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, దండాలు. మరి చేయించుకున్నాక సరిగ్గా చేశాడో లేదో ఎట్లా తెలుస్తుంది?

కొలిమి_బిడ్డ
కొత్త ఆకురాయి తీసుకుని అంచు మీద మెల్లగా జరుపు. జారిపోతూ కొరక్కుండా పోతే గట్టిదే. కొరికి ఇనుప రజను రాలితే మెత్తగా ఉంది. తర్వాత ఎండిన వేప కట్టె మీద గట్టిగా చెక్కి చూడు, అంచు మడత పడితే మెత్తన, చిన్న ముక్కలు లేస్తే మరీ గట్టి. రెండూ కాకుంటే పైసలు ఇచ్చేసి ఇంటికి పో.

మోత్కూరు_మల్లెచెట్టు
ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట. మేము నలుగురం కలిసి గుట్టలెక్కుతాం. నా చెయ్యి చిన్నది, మగవాళ్లు మంచిదన్న పెద్ద పిడి కత్తి నాకు తిరిగిపోతుంది, అదుపులో ఉండదు. కొనే ముందు చేతిలో పట్టుకుని చూడాలి అని ఎవరూ చెప్పట్లేదు. పిడికిలి బిగిస్తే వేళ్లు అరచేతిని కొంచెం తాకాలి, అంత సన్నగా ఉండాలి పిడి. తడి చేత్తో కూడా పట్టి చూడాలి. వేళ్లు బ్లేడు మీదికి జారకుండా ముందు చిన్న అడ్డు ఉండాలి.

ఉక్కు_పిచ్చి
చాలా మంచి మాట అక్కా. ఇదొక్కటి చూడక చెయ్యి కోసుకున్నవాళ్లు ఎంతమందో.

భువనగిరి_రాయి
నాది వేరే మాట. పెద్ద కత్తే వద్దు మీకు. భువనగిరి బండ మీద క్లైంబింగ్ చేసేవాళ్లం మేము, కత్తి అవసరం తాడు కోయడానికి, టేపు కోయడానికి, తిండికి. మడత కత్తి చాలు. ఒపినెల్ నెంబర్ 8 అని ఫ్రాన్స్ వాళ్లది, 8.5 సెంటీమీటర్ల బ్లేడు, మెడ దగ్గర తిప్పితే లాక్ అయ్యే కడియం, 1955లో వచ్చింది ఆ కడియం. తేలిక, జేబులో పడుతుంది, పదునుకు తిరుగులేదు.

పాలమూరు_బాటసారి
ఒపినెల్ చెక్క పిడి వానకు ఉబ్బిపోతుంది, అప్పుడు కత్తి తెరవడానికి తిప్పలు పడాలి. నల్లమలలో శ్రావణం వానల్లో దాన్ని తెరవలేక గోడకు కొట్టుకోవాల్సి వచ్చింది మా వాడికి.

భువనగిరి_రాయి
పిడి కీలు దగ్గర కొద్దిగా మైనం రాసి పెట్టుకుంటే అంత ఉబ్బదు. కట్టె చీల్చడానికి మాత్రం మడత కత్తి వాడొద్దు, అది నేనూ ఒప్పుకుంటా, కీలు మీద దెబ్బ పడితే పని అయిపోయినట్టే. కట్టె చీల్చే పని లేనివాళ్లకు చెప్తున్న.

మోత్కూరు_మల్లెచెట్టు
ఇంకోటి, బరువు మీద బిగిసి ఉన్న తాడు దగ్గరికి తెరిచిన కత్తి తీసుకుపోవద్దని మీరే చెప్పాలి. బిగువుగా ఉన్న తాడుకు బ్లేడు ఊరికే తగిలినా తెగుతుంది.

భువనగిరి_రాయి
అవును అక్కా, మా దగ్గర మొదటి రోజే చెప్పే మాట అది. తాడు మీద మనిషి వేలాడుతుంటే కత్తి ఒరలోనే ఉండాలి.

సోమశిల_పడవ
స్టెయిన్‌లెస్సా, కార్బన్ ఉక్కా? నది ఒడ్డున ఉండేవాళ్లకు ఏది మంచిది? మా పడవలో పెట్టిన కార్బన్ కత్తి వారంలో ఎర్రగా అయింది.

ఉక్కు_పిచ్చి
నీళ్ల దగ్గర ఉంటే స్టెయిన్‌లెస్. మోరా వాళ్లు వాడే 12సీ27 ఉక్కు సులువుగా నూరుకోవచ్చు, అంత తొందరగా తుప్పు పట్టదు. పూర్తిగా పట్టదు అనుకోవద్దు, స్టెయిన్‌లెస్ అన్నా ఉప్పు, చెమట, నిమ్మరసం తగిలి తడిగా ఉంటే చుక్కలు పడతాయి. కార్బన్ ఉక్కు పదును తొందరగా పడుతుంది, కానీ వాడిన ప్రతిసారీ తుడిచి ఒక చుక్క నూనె రాయాలి. ఇంకో సంగతి, ఏ కత్తినీ తోలు ఒరలో ఉంచి నెలల తరబడి అటక మీద పెట్టొద్దు. తోలు తేమ పట్టుకుంటుంది, తోలు శుద్ధికి వాడిన రసాయనాలు కూడా ఉక్కును తింటాయి. ఒర వేరు, కత్తి వేరుగా దాచాలి.

సోమశిల_పడవ
ఏ నూనె? ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె పనికొస్తుందా?

గీతకత్తి
కొబ్బరి నూనె మంచిదే, తిండి కోసే కత్తికి అదే మేలు, కాకపోతే రోజులు గడిస్తే జిగురుగా తయారవుతుంది. అప్పుడు తుడిచి మళ్లీ రాయాలి. కుట్టు మిషన్ నూనె అయితే గట్టిపడదు, కానీ తిండికి వాడే ముందు కడగాలి.

అచ్చంపేట_వకీలు
కత్తి కొనడం సంగతి అందరూ చెప్తున్నారు, ఎక్కడికి తీసుకుపోతే కేసు అవుతుందో ఎవరూ చెప్పడం లేదు. మా ఊరు నల్లమల ఒడ్డున. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో సెక్షన్ 31 ప్రకారం అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో పోకూడదు. ఆ చట్టంలో ఆయుధం అన్న దాని కింద తుపాకులు, ఉచ్చులు, విషాలతో పాటు కత్తులు కూడా ఉన్నాయి. చిన్నదా పెద్దదా అని అక్కడ తేడా లేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర ఆపి అడిగితే నేను కూరగాయలు కోయడానికి తెచ్చా అన్నా వాళ్లు వినాల్సిన పని లేదు. మల్లెలతీర్థం, ఫర్హాబాద్ వైపు పోయేవాళ్లు కత్తి ఇంట్లో పెట్టి పోండి. సలేశ్వరం జాతరకు వచ్చేవాళ్లకూ ఇదే మాట. అక్కడ కట్టె కొట్టడం, నిప్పు పెట్టడం కూడా నేరమే, ఫిబ్రవరి నుంచి ఎండు గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు గుట్ట గుట్టంతా అంటుకుంటుంది.
రెండోది ఆయుధ చట్టం. 9 అంగుళాల కన్నా పొడవు గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న బ్లేడు అయితే లైసెన్స్ పరిధిలోకి వచ్చే అవకాశం ఉంది. ఇంటి పని, వ్యవసాయ పని, పారిశ్రామిక పని కోసం చేసినవాటికి మినహాయింపు ఉంది. అందుకే కొడవలి పట్టుకుని పొలం పోయే రైతును ఎవరూ ఏమీ అనరు, అదే సైజు కత్తి నడుముకు కట్టుకుని బస్టాండ్‌లో తిరిగితే అడుగుతారు. నాలుగు అంగుళాల కత్తి అయినా బ్యాగులో, ఒరలో, బట్టలో చుట్టి పెట్టండి, బయటికి కనిపించేలా వేలాడదీయొద్దు. విమానంలో అయితే చేతి సంచిలో అసలే కాదు, చెక్-ఇన్ సామాన్లలోనే.

దేవరకొండ_పోరడు
ఇది నాకు అస్సలు తెలియదు సార్. వచ్చే నెల మన్ననూర్ అనుకున్నాం, కత్తి ఇంట్లోనే పెడతాం.

నల్లమల_నడక
@అచ్చంపేట_వకీలు చెప్పింది వందకు వంద శాతం. నేను అక్కడ పని చేసినప్పుడు చెంచు పెద్దలతో కలిసి నడిచాను. వాళ్ల చేతిలో ఉండే కత్తి, గొడ్డలి చూసి మనమూ అట్లా పట్టుకుపోవచ్చు అనుకోవద్దు, అది వాళ్ల ఇల్లు, వాళ్ల బతుకు. తేనె తీయడానికి తీగల తాళ్లతో కొండ మొగం మీదికి దిగుతారు, గడ్డలు తవ్వడానికి గునపం కర్ర వాడతారు. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటి: కత్తిని పారేసినట్టు వాడరు, పని అయిన వెంటనే ఒరలోకి పోతుంది. తెరిచిన కత్తిని నేల మీద పెట్టిన చెంచును నేను చూడలేదు.

డాక్టరమ్మ_మిర్యాలగూడ
కత్తి వాడేవాళ్లు రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి, నా దగ్గరికి వచ్చే కేసులు చూసి చెప్తున్నాను.
ఒకటి, తొడ మీద పెట్టి చెక్కడం. తొడ లోపలి వైపు పెద్ద ధమని ఉంటుంది, అక్కడ లోతుగా తెగితే నిమిషాల్లో రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది. మోచేతులు మోకాళ్లకు ఆనించి, కత్తి మోకాళ్ల ముందు, ఒంటికి బయటి వైపు పోయేలా చెక్కాలి. ఎంత చిన్న గాయమైనా శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి, మధ్యమధ్య తీసి చూడొద్దు, పది నిమిషాలు ఆపకుండా అదమండి. పసుపు, కాఫీ పొడి, మట్టి పెట్టొద్దు.
రెండోది పాము కాటు. సర్వైవల్ కత్తి అంటే కాటు దగ్గర కోసి రక్తం తీయడానికే అని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. కోస్తే విషం రాదు, రక్తపింజరి కాటయితే రక్తం గడ్డకట్టదు కాబట్టి ఆ కోత నుంచే రక్తస్రావం ఆగదు. నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కాలు లేదా చెయ్యి కదలకుండా కర్ర ముక్కకు కట్టి, 108కి ఫోన్ చేసి, యాంటీ వెనమ్ ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికి నేరుగా పోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ పనిచేసే మందు అక్కడ ఇస్తారు.

పాలమూరు_బాటసారి
మేడమ్, మా ఊర్లో ఇప్పటికీ బ్లేడు పెట్టి కోస్తారు. ఈ పోస్టు వాట్సాప్‌లో మా కుర్రాళ్ల గ్రూపులో పెడతాను.

డాక్టరమ్మ_మిర్యాలగూడ
పెట్టండి, అందరికీ చేరాలి.

గట్టు_బండ
డమాస్కస్ కత్తులని ఆన్‌లైన్‌లో అలలు అలలుగా డిజైన్ ఉన్నవి తక్కువలో వస్తున్నాయి కదా, అవి పురాతన ఉక్కు అంటున్నారు. కొనొచ్చా?

ఉక్కు_పిచ్చి
అవి రెండు రకాల ఉక్కు ముక్కలు పొరలుగా కలిపి సాగదీసినవి. ఆ గీతలు అందానికే. లోపల ఏ ఉక్కు వాడారో చెప్పని అమ్మకందారు దగ్గర కొనొద్దు. పాతకాలం డమాస్కస్ ఖడ్గాలకు వాడిన ఉక్కు మన దేశం నుంచే పోయేది, నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊర్లో అది తయారు చేసేవాళ్లు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. మూసలో ఉక్కు కరిగించి చేసే ఆ పద్ధతి వేరే.

గట్టు_బండ
అయితే మన తాతల ఉక్కు పేరు పెట్టి మనకే అమ్ముతున్నారన్నమాట 😀

దేవరకొండ_పోరడు
సరే, లెక్క తేలింది. చీల్చడానికి, చెక్కడానికి హెవీ డ్యూటీ కంపానియన్, స్టెయిన్‌లెస్ రకం తీసుకుంటా. తీరిక దొరికినప్పుడు కొలిమి_బిడ్డ అన్న చెప్పినట్టు కమాన్ పట్టీతో ఒకటి చేయించుకుంటా. పదును పెట్టడానికి నల్గొండలో రాయి ఎక్కడ దొరుకుతుంది?

కొలిమి_బిడ్డ
ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా రెండు వైపుల రాయి ఇస్తారు, ఒక వైపు గరుకు, ఒక వైపు మెత్తన. మొద్దుబారినప్పుడే గరుకు వైపు, మామూలు రోజుల్లో మెత్తటిది చాలు. రాయి తడిపి, బ్లేడును రాయికి ఎంత వంచి పెట్టావో ఆ వంపు మారకుండా రెండు వైపులా సమానంగా నూరు. మోరా అంచు వెడల్పుగా ఏటవాలుగా ఉంటుంది, ఆ ఏటవాలు మొత్తం రాయికి ఆనేలా పెడితే చాలు, కోణం లెక్క పెట్టుకోవాల్సిన పని లేదు. రెండో వైపు వెన్ను నుంచి అంచు బయటికి వేలితో మెల్లగా తడిమితే అంచు పొడవునా సన్నటి గరుకు తగలాలి, అదొస్తే ఇటువైపు పూర్తయింది, తిప్పి రెండో వైపు నూరు. చివరికి తోలు బెల్ట్ లోపలి వైపు మీద వెన్ను ముందుగా లాగు. పదును ముందుకు లాగితే బెల్ట్ తెగిపోతుంది.

మోత్కూరు_మల్లెచెట్టు
రంగు సంగతి కూడా చెప్తున్నా. ఆ కత్తి ఆరెంజ్ పిడితో వస్తే అదే తీసుకో తమ్మీ. ఆలివ్, నలుపు పిడి కత్తి మే నెల గడ్డిలో పడిందంటే మధ్యాహ్నం వెతికినా దొరకదు. ఒరకు కూడా ఒక ఎర్ర తాడు ముక్క కట్టుకో.